ఇన్సూరెన్స్ కార్డు జేబుల ఉంటది, లకువ నెత్తిల కొడ్తది

పోస్టు పెద్దగ ఉంటది. డ్యూటీ దిగి, తిని, పండుకునే ముందర నిమ్మలంగ చదువుండ్రి.

2025 జనవరి ఒకటో తారీఖు నుంచి షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ క్వైన్, రస్ అల్ ఖైమా, ఫుజైరా, ఈ ఐదు ఎమిరేట్లల గూడ ప్రైవేటు కంపెనీ వర్కర్లకు, ఇండ్లల్ల పనిచేసేటోళ్ళకు ఆరోగ్య ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసిండ్రు. వీసా కొత్తగ కొట్టాలన్నా, రెన్యువల్ చెయ్యాలన్నా కార్డు ఉండాలె. అప్పటి నుంచి మన గ్రూపులల్ల ఒక్కటే మాట తిరుగుతున్నది. "ఇగ గల్ఫోనికి రంది లేదు, అందరికి కార్డులొచ్చినయ్, ఏ రోగమొచ్చినా అన్నీ అండ్లనే అయితయ్" అని. సంఘాల పేరు మీద దండలేసుకుని ఫొటోలు దిగేటోళ్ళు గూడ ఇదే మాట. ఈ మాట సగం నిజం. మిగిలిన సగంల మనోళ్ళు చస్తున్నరు. అందుకే రాస్తున్నం.

ముందుగల మేమెవలమో చెప్పాలె. షార్జాల ఉండి దుబాయ్‌ల పనిచేసే సైట్ సూపర్‌వైజర్లం, ఫోర్‌మన్లం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ దిక్కు వాళ్ళం. అందరం పదో తరగతి అటో ఇటో. డాక్టర్లం కాదు. కాని ఒక్కొక్కల చేతి కింద నలభై, యాభై మంది పనిచేస్తరు. పొద్దుగాల హాజరు వేసేది మేమే. కాబట్టి ఎవలు ఎప్పుడు పడిపోయిండ్రు, ఎవల పేరు ఎప్పుడు షీట్ల నుంచి లేచిపోయింది అనేది మాకు తెల్సినంత ఆఫీసుల ఏసీ కింద కూసున్నోళ్ళకు తెల్వది.

ఈ కార్డు ఒక్కసారిగ రాలేదు. అబుదాబిలో 2005ల చట్టం చేసి, 2006 నుంచి అమలు పెట్టిండ్రు. దుబాయ్‌ల 2013ల చట్టం అయింది. 2014ల పెద్ద కంపెనీలతోని మొదలుపెట్టి చిన్న కంపెనీల దాకా వచ్చేసరికి రెండు మూడేండ్లు పట్టింది. ఉత్తరం దిక్కు ఐదు ఎమిరేట్లకు వచ్చేసరికి 2025. అబుదాబికి, అజ్మాన్‌కు నడుమ పంతొమ్మిది ఏండ్ల తేడా. కారుల రెండు గంటల తొవ్వ.

దీని అర్థం ఏందో క్యాంపుల ఉన్నోళ్ళకే తెలుస్తది. ఒక్క రూము, ఎనిమిది మంచాలు. కింది మంచం మీదోనికి దుబాయ్ వీసా, 2016 నుంచి కార్డు ఉన్నది. పై మంచం మీదోనికి షార్జా వీసా, ఇద్దరు ఒక్క సైట్లనే పనిచేస్తరు, ఒక్క గంజిల అన్నం తింటరు, వానికి నిన్నమొన్నటి దాకా కార్డు లేదు. బీపీ మాత్రం ఇద్దరికి ఉన్నది. రక్తనాళానికి ఏ ఎమిరేట్ వీసానో తెల్వది కద.

కార్డు వచ్చుడు మంచిదే. మేము కాదంటలేము. కొత్త బేసిక్ ప్యాకేజీ ఏడాదికి 320 దిర్హాంలు, కంపెనీనే కట్టాలె, పాత రోగం ఉన్నా మొదటి రోజు నుంచే పనిచేస్తది అని పెట్టిండ్రు. ఇది చిన్న విషయం కాదు. కాని లెక్క చూడుండ్రి. ఏడాదికి 320 అంటే నెలకు 27 దిర్హాంలు గూడ కాదు. డాక్టర్ దగ్గరికి పోతే 25 శాతం మన చేతికెల్లి కట్టాలె, వంద దిర్హాంలు దాటకుండ. గోలీలకు 30 శాతం మనదే. వెయ్యి, పన్నెండు వందలు జీతం తీసుకుని, అండ్ల ఎనిమిది వందలు ఇంటికి పంపే హెల్పర్‌కు ఆ 25 శాతమే అడ్డం పడ్తది. పైసల కన్నా పెద్ద అడ్డం ఇంకోటి. క్లినిక్‌కు పోవుడంటే ఒకరోజు పని పోవుడు, ఓవర్‌టైం పోవుడు, ముదీర్ ముందట నిలబడి సంజాయిషీ చెప్పుడు. గందుకే "ఖల్లివల్లి, వచ్చే నెల చూద్దాం" అంటరు. బీపీ వచ్చే నెల దాకా ఆగదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తం. పక్షవాతం, మన దిక్కు లకువ అంటం, డాక్టర్లు స్ట్రోక్ అంటరు. ఇది కార్డుతోని తగ్గే రోగం కాదు, గడియారంతోని తగ్గే రోగం. మెదడుకు పోయే రక్తనాళంల గడ్డ అడ్డం పడ్డా, నాళం పగిలి రక్తం కారినా, మెదడు నిమిషం నిమిషానికి చచ్చుకుంట పోతది. నిమిషానికి 19 లక్షల కణాలు పోతయ్ అని డాక్టర్ల లెక్క. గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉన్నది, అది నాలుగున్నర గంటల లోపల పడాలె. కొందరికి తొడల నుంచి సన్న పైపు పంపి గడ్డను గుంజి తీస్తరు, అది కొందరికైతే 24 గంటల దాకా పనిచేస్తది. కాని గడ్డనా, పగిలిందా అని సీటీ స్కాన్ తీసినంక గాని తెల్వది. పగిలినోనికి ఆ ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం పోతది. కాబట్టి స్కాన్ లేని క్లినిక్‌కు ఎంత మంచి కార్డు పట్టుకుపోయినా ఏం ఫాయిదా లేదు, టైం దండుగ.

ఇంగ్లాండ్ సంగతి చెప్తం. మా ఒకాయన మేనకోడలు అక్కడ నర్సు, ఆమె చెప్పంగ తెలుసుకున్నం. అక్కడ ఇన్సూరెన్స్ లొల్లే లేదు, 1948 నుంచి అందరికి సర్కార్ దవాఖాన ఫ్రీ. అయినా స్ట్రోక్‌తోని చచ్చేటోళ్ళు చస్తనే ఉన్నరు. 2010ల లండన్‌ల పద్ధతి మార్చిండ్రు. అంతకు ముందు 30 ఆసుపత్రులు స్ట్రోక్ పేషెంట్లను తీసుకునేటియి. ఆ కొట్టిన మొదటి గంటల వైద్యాన్ని ఎనిమిది ఆసుపత్రులల్ల పెట్టిండ్రు. ఆ ఎనిమిదింట్ల రాత్రి పగలు స్కాన్, రాత్రి పగలు స్ట్రోక్ డాక్టర్. లండన్‌ల ఎవలికి స్ట్రోక్ వచ్చినా, పక్కనే వేరే దవాఖాన ఉన్నా సరే, అంబులెన్స్ అది దాటి ఈ ఎనిమిదింట్ల ఒకదానికే పోవాలె. చావులు తగ్గినయ్. మిగతా దేశంల తగ్గినదాని కన్నా ఎక్కువ తగ్గినయ్, ఏడాదికి వందకు దగ్గర ప్రాణాలు ఎక్కువ మిగిలినయ్ అని లెక్క తీసిండ్రు.

అదే ఏడాది మాంచెస్టర్‌ల గూడ మార్చిండ్రు, కాని సగం మార్చిండ్రు. నాలుగు గంటల లోపల వచ్చినోళ్ళనే పెద్ద కేంద్రానికి పంపుతం, మిగిలినోళ్ళు దగ్గరి దవాఖానకే అన్నరు. మిగతా దేశంతోని పోలిస్తే అక్కడ చావులల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2015ల అందరిని కేంద్రాలకే పంపుడు మొదలుపెట్టినంక తేడా కనబడ్డది. ఒకటే దేశం, ఒకటే ఫ్రీ వైద్యం, రెండు ఊర్లు. తేడా అంతా పేషెంట్‌ను ఏ తొవ్వల, ఎంత జల్ది, ఎక్కడికి తీసుకపోయిండ్రు అనే దాంట్లనే ఉన్నది. సంస్కరణ అంటే అది. లామినేషన్ చేసిన కార్డు కాదు.

మా దగ్గర ఎట్ల నడుస్తదో చెప్తం. కంపెనీ పేరు, దవాఖాన పేరు రాయం, అవి ముఖ్యం కాదు, ఎక్కడైనా గట్లనే ఉన్నది. మెట్‌పల్లి దిక్కు అన్న ఒకాయన, షట్టరింగ్ కార్పెంటర్, 46 ఏండ్లు. తెల్లారగట్ల నాలుగున్నరకు చాయ్ పెట్టుకుంటుంటే గిలాస చేతిలకెల్లి జారింది. మూతి వంకర పోయింది, మాట తడబడ్డది. రూముల పిల్లలు క్యాంప్ బాస్‌ను లేపిండ్రు. ఆయన వచ్చి చూసి "గ్యాస్, నీరసం" అని గ్లూకోజ్ నీళ్ళు తాగమన్నడు. మింగుడు పడక దగ్గు వచ్చింది. ఆరింటికి బస్సులు సైటుకు పోయినయ్. ఏడున్నరకు పీఆర్వో ఫోన్ ఎత్తిండు, కార్డు కాపీ పంపుమన్నడు, ఆ కార్డు ఏ క్లినిక్‌ల నడుస్తదో చూసి చెప్తనన్నడు. క్లినిక్‌కు పోయేసరికి తొమ్మిదిన్నర. అక్కడ బీపీ చూస్తే పైన 220. స్కాన్ లేదు, పెద్ద దవాఖానకు రాసిండ్రు. అక్కడ బెడ్ మీద పండవెట్టేసరికి పన్నెండు దాటింది. ఏడున్నర గంటలు. గడ్డ ఉన్నది, ఇంజెక్షన్ టైం అయిపోయింది.

అన్ని గంటలు కార్డు జేబులనే ఉన్నది. పనిచేసే కార్డే. ఇంకో మాట చెప్పాలంటే ఆ కార్డు వల్లనే లేటు అయింది, ఎందుకంటే కార్డు ఎక్కడ నడుస్తది అని వెతుకుడుకే రెండు గంటలు పట్టింది. ఎవలన్నా 998 కొడితే అంబులెన్స్ వచ్చేది. 998 కొట్టుడుకు క్యాంప్ బాస్ పర్మిషన్ ఏం అక్కర్లేదు. కాని మన పిల్లలకు ఈ సంగతి ఎవలూ చెప్పలేదు, చెప్పకపోవుడు గాక, "అంబులెన్స్ పిలిస్తే కంపెనీకి చెడ్డ పేరు" అని బెదిరియ్యవట్టిరి.

ఇంకో చిత్రం చూడుండ్రి. సైట్ల స్ట్రోక్ అనే మాట ప్రతి గోడ మీద ఉన్నది. కాని అది హీట్ స్ట్రోక్, వడదెబ్బ. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండల పని బంద్, ఇది మంచి నియమం, ఏటా టూల్‌బాక్స్ మీటింగుల మేమే చదివి వినిపిస్తం. దానివల్ల ఏమయిందంటే, ఎవలు పడిపోయినా వడదెబ్బనే అనుకుంటరు. నీడకు తీసుకపోయి, మొకం మీద నీళ్ళు చల్లి, ఉప్పు నీళ్ళు తాపుతరు. మెదడుల స్ట్రోక్ వచ్చినోనికి నోట్లె నీళ్ళు పోస్తే ఊపిరితిత్తులల్లకు పోతయ్. ఒక దిక్కు మూతి జారిందా, ఒక చెయ్యి లేపితే కింద పడుతున్నదా, మాట ముద్దగ వస్తున్నదా, ఈ మూడు చూస్తే ఎవలకైనా తెలుస్తది, సేఫ్టీ ఆఫీసర్ చదువు అక్కర్లేదు. మూడింట్ల ఒక్కటి కనబడ్డా 998. గోలీ వెయ్యొద్దు, నీళ్ళు తాపొద్దు. ఎప్పుడు మొదలైందో టైం రాసి పెట్టుకోవాలె, డాక్టర్ మొట్టమొదలు అడిగేది అదే. ఊర్లె ఇంకా పావురం రక్తం పూస్తున్నరు, పసరు పోస్తున్నరు. ఆ ఫోన్లు వీడియో కాల్‌ల మనోళ్ళకు వస్తయ్, "పెద్ద దవాఖాన వద్దు బిడ్డా, ఇంటికి రా, ఫలానా ఊర్ల మందు పోస్తరు" అని. అమ్మల మీద కోపం లేదు మాకు, తెల్వక చెప్తరు. తెల్సినోళ్ళు చెప్పకపోవుడే తప్పు.

అసలు మనోళ్ళకు ఈ వయసుల లకువ ఎందుకు రావాలె? మనం ఊర్లెకెల్లి ఊకనే రాలేదు. మెడికల్ చేసి, ఎక్స్‌రే తీసి, రక్తం చూసి, గట్టోళ్ళను ఏరుకుని తెచ్చుకుంటరు. వడ్లల్ల తాలు తీసేసినట్టు. అట్ల ఏరినోళ్ళల్ల గూడ నలభై, యాభై ఏండ్లకే లకువ వస్తున్నదంటే తప్పు మనిషిల లేదు, బతుకుల ఉన్నది. ఖతర్‌ల హమద్ జనరల్ ఆసుపత్రి డాక్టర్లు స్ట్రోక్ వచ్చినోళ్ళందరిని రిజిస్టర్‌ల రాసుకుంటరు. అండ్ల మన దక్షిణాసియా వాళ్ళు పెద్ద సంఖ్యల ఉన్నరు, వాళ్ళ వయసు యాభై చుట్టుపక్కల. ధనిక దేశాలల్ల ఇది డెబ్బై ఏండ్లకు వచ్చే రోగం. ఇరవై ఏండ్ల ముందరనే మనోని దగ్గరికి వస్తున్నది.

కారణం పెద్ద రహస్యం కాదు. బీపీ. తర్వాత షుగర్, సిగరెట్, తంబాకు, నాలుగు గంటల నిద్ర, పచ్చడితోని రెండు పూటలు తినుడు. రెండేండ్లకోసారి వీసా రెన్యువల్‌కు రక్తం తీస్తరు, ఛాతి ఎక్స్‌రే తీస్తరు. అది వేరేటోళ్ళకు అంటే రోగం ఉన్నదా అని చూసుడు. మనల్ని చంపే రోగం ఉన్నదా అని కాదు. మా రూములల్ల అడిగినం, ఆ మెడికల్‌ల చేతికి బీపీ పట్టా చుట్టినోళ్ళు ఎవలూ లేరు. ఊర్లెకెల్లి బీపీ గోలీలు ఆరు నెలలకు తెచ్చుకుంటరు, ఏడో నెల నుంచి ఉండయ్. తల నొస్తలేదు కద అని బంద్ పెడతరు. బీపీ నొప్పి చెప్పదు. ఒక్క బీపీ మిషన్ వంద, నూటయాభై దిర్హాంలకు వస్తది. ఐదు వందల మంది ఉన్న క్యాంపుల టీవీ ఉన్నది, సీసీ కెమెరాలు ఉన్నయ్, ఆ మిషన్ ఒక్కటి లేదు.

ఇగ కార్డు గురించి ఎవలూ చెప్పని మాట ఒకటున్నది. ఈ కార్డు వీసాకు కట్టిన పగ్గం. వీసా తెగితే కార్డు తెగుతది. లకువ వచ్చినోడు లేచి నడవాలంటే నెలలు పడతది, రోజూ కాలు చెయ్యి ఆడించే ఫిజియోథెరపీ కావాలె. ఇక్కడి చట్టంల సిక్ లీవ్ ఏడాదికి 90 రోజులు. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం జీతం, చివరి 45 రోజులు ఏమీ లేదు. 90 అయినంక డ్యూటీకి రాలేకపోతే కంపెనీ తీసెయ్యొచ్చు. అంటే మనిషికి వైద్యం గట్టిగ కావాల్సిన టైంల కార్డు పోతది. అన్న 90 రోజులు గూడ ఆగలేదు, "ఇంటికి పోతే మంచిగైతవ్" అని ఎనిమిదో వారంల కాగితాల మీద ఏలిముద్ర తీసుకుని స్ట్రెచర్ మీద హైదరాబాద్ విమానం ఎక్కిచ్చిండ్రు. ఇంటికాడ ఐదు నెలలు మంచంల ఉన్నడు. వీపుకు పుండ్లు పడ్డయ్. పోయిండు.

ఇప్పుడు చెప్పుండ్రి, ఈ చావు ఏ లెక్కల రాస్తరు? ఇక్కడి దవాఖాన రికార్డుల ఆయన డిశ్చార్జ్ అయిండు. అంటే బతికిండు. ఊర్లె గ్రామపంచాయతీ ఇచ్చిన మరణ సర్టిఫికెట్ మీద పేరు ఉన్నది, తారీఖు ఉన్నది, రోగం లేదు. మన దేశంల జనాభా లెక్కన స్ట్రోక్ రిజిస్టర్ ఐదు చోట్ల పెట్టిండ్రు, కటక్, తిరునెల్వేలి, కచార్, కోటా, వారణాసి. అండ్ల మన తెలుగు జిల్లా ఒక్కటి లేదు. ఇక్కడ చచ్చినోని సంగతి ఇంకో తీరు. కాగితం మీద "సహజ మరణం, గుండె ఆగింది" అని రాస్తరు. చచ్చిన ప్రతి మనిషికి గుండె ఆగుతది సారూ. ఎందుకు ఆగిందో రాయాలె.

రేపు ఎవలో లెక్క తీసి, ఇన్సూరెన్స్ వచ్చినంక ఫలానా ఎమిరేట్‌ల వర్కర్లకు స్ట్రోక్ చావులు తగ్గినయ్ అని గ్రాఫ్ చూపిస్తే నమ్మకుండ్రి. గట్టోళ్ళను తెచ్చుకుని, పడిపోయినోళ్ళను పంపేస్తే ఏ గ్రాఫ్ అయినా కిందికే పోతది. రోగం ఇక్కడి లెక్క, చావు అక్కడి లెక్క, నడుమ విమానం టికెట్.

మన సర్కార్ల కథ గూడ చూడాలె. ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఉన్నది, ఎమిగ్రేషన్ స్టాంపు కావాల్సిన పాస్‌పోర్టు ఉన్నోళ్ళకు తప్పనిసరి, 10 లక్షలు. కాని యాక్సిడెంట్‌ల చస్తెనే, యాక్సిడెంట్‌ల అవిటోడైతెనే. లకువ యాక్సిడెంట్ కాదు. పదో తరగతి పాసైనోళ్ళకు ఆ స్టాంపే అక్కర్లేదు, కాబట్టి వాళ్ళకు అది గూడ తప్పనిసరి కాదు. తెలంగాణ సర్కార్ 2024ల గల్ఫ్‌ల చనిపోయిన కార్మికుని ఇంటికి 5 లక్షలు అని జీవో తెచ్చింది. ఎన్నో ఏండ్ల కొట్లాటతోని వచ్చింది, మెచ్చుకోవాలె. కాని బతికి మంచం మీద వచ్చినోడు ఆ జీవోల లేడు. మా అన్న ఎయిర్‌పోర్టు దాటి వచ్చి ఇంట్ల పోయిండు కాబట్టి ఆయన భార్యకు ఆ పైసలు లెక్కల రాలేదు. షార్జాలనే పోయి ఉంటే వచ్చేటియట. ఈ మాట ఆమెకు ఎట్ల చెప్పాలె? చెప్పలేక ఫోన్ పెట్టేసినం.

"ఇవన్ని మాట్లాడకుండ్రి, వీసాలకు ఎసరొస్తది" అని కొందరు అన్నలు లోపల మెసేజులు పెడతరు. మేము ఏ దేశాన్ని తిడ్తలేము. ఈ దేశంల అన్నం తింటున్నం. 998 ఇక్కడిదే, ఎండల పని బంద్ నియమం ఇక్కడిదే, రాత్రి పగలు స్ట్రోక్ చూసే పెద్ద దవాఖానలు గూడ ఇక్కడ ఉన్నయ్. మేము అడిగేది ఉన్నదాన్ని క్యాంపు దాకా తీసుకరమ్మని. అంబులెన్స్ పిలిచే హక్కు రూముల ఉన్న ఎవలకైనా ఉన్నదని క్యాంపు గేటు మీద తెలుగుల, హిందీల, బెంగాలీల, నేపాలీల రాయాలె. నెలకోసారి హాజరు తీసుకున్నట్టే బీపీ తీసుకోవాలె, ఎక్కువ ఉన్నోనికి గోలీల 30 శాతం కంపెనీ పెట్టుకోవాలె. స్ట్రోక్ వచ్చినోని వీసాను వైద్యం నడిచినంత కాలం క్యాన్సిల్ చెయ్యొద్దు. కంపెనీకి ఇదేమంత బరువు కాదు. ఒక స్లాబ్ పోస్తున్నప్పుడు పంపు ఆగితే పోయే పైసలు ఎన్నో మాకు తెల్సు, ఆ లెక్కలు రాసేది మేమే.

దండల లీడర్లకు గూడ ఒక మాట. శవపెట్టె పక్కన ఫొటో దిగుడు తర్వాత. అవే చేతులతోని క్యాంపుకు ఒక బీపీ మిషన్ పట్టుకరండి. దాని ఫొటో పెట్టుకోండి, మేమే లైక్ కొడ్తం.

ఈ పోస్టు కింద కంపెనీ పేరు రాయకుండ్రి, మీ పేరు గూడ వద్దు. మూడే ముక్కలు రాయండి. మీ వీసా ఏ ఎమిరేట్‌ది, మీ క్యాంపుల బీపీ మిషన్ ఉన్నదా లేదా, ఈ ఐదేండ్లల మీ రూముల ఎంతమందికి లకువ వచ్చింది, వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నరు. ఆదివారం సెలవు రోజు మేము కూసుని ఒక్కొక్కటి నోట్‌బుక్కుల ఎక్కిస్తం.